విచారణ లేని నిర్బంధం – సరోజినీ నాయుడు

హైదరాబాదులో ఆబిడ్స్ నుండి నాంపల్లి స్టేషన్‌కు పోయే దారిలో ‘గోల్డెన్ త్రెషోల్డ్’ అనే భవనం ఉంది. అది సరోజినీ నాయుడు నివాసగృహం. ఆమె 1879 ఫిబ్రవరి 13న హైదరాబాదులో జన్మించారు. తండ్రి అఘోరనాథ ఛటోపాధ్యాయ విద్యావేత్త. చాందా రైల్వే పథకాన్ని ప్రశ్నించినందుకు 1883లో ప్రభుత్వం ఆయనను రాజ్యం నుండి బహిష్కరించింది. 1898లో సరోజిని డాక్టర్ ముత్యాల గోవిందరాజులు నాయుడిని వివాహమాడి తెలుగింటి కోడలయ్యారు.

1922 మార్చి 18న అహమదాబాదులో గాంధీజీపై రాజద్రోహ నేర విచారణ జరిగింది. సరోజిని అక్కడ ఉన్నారు. న్యాయస్థానంలో అభియోగం వినిపించారు. గాంధీజీ నేరాన్ని అంగీకరించడంతో సాక్షుల విచారణ అవసరం లేకపోయింది. అమెరికాలోనూ అత్యధిక క్రిమినల్ కేసులు నేరాంగీకారంతోనే ముగుస్తాయి. న్యాయమూర్తి బ్రూమ్‌ఫీల్డ్ ఆరేళ్ల కారాగారశిక్ష విధించారు. అది కఠినశిక్షే. అయినా అభియోగమేదో, శిక్షాకాలమెంతో ముద్దాయికి తెలిసింది.

1930లో ధరాసనా ఉప్పు సత్యాగ్రహానికి నాయకత్వం వహించి సరోజిని అరెస్టయ్యారు. 1942 ఆగస్టు 9న క్విట్ ఇండియా ఉద్యమ సందర్భంలో ఆమెను మళ్లీ నిర్బంధించారు. ఈసారి అభియోగం లేదు, విచారణ లేదు, తీర్పు లేదు. శిక్షయే లేనందున విడుదల ఎన్నడో తెలియదు. పూనాలోని ఆగాఖాన్ ప్యాలెస్‌లో నిర్బంధంలో ఉన్న ఆమెను అనారోగ్యం వల్ల 1943లో విడుదల చేశారు.

రాజ్యాంగసభ సభ్యురాలైన ఆమె 1949 మార్చి 2న మరణించారు. 1950లో అమలులోకి వచ్చిన రాజ్యాంగంలోని 22వ అధికరణం ప్రకారం అరెస్టుకు కారణం తెలపాలి, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరుపరచాలి. అయితే అదే అధికరణం ముందస్తు నిర్బంధానికి మినహాయింపునిచ్చింది. సరోజిని అనుభవించిన నిర్బంధానికి ఆ తలుపు పూర్తిగా మూసుకోలేదు.