కొమఱ్ఱాజు లక్ష్మణరావు పంతులుగారు

మన గ్రంథాలయమునకు సాయంకాలము వచ్చు బాలురు విచిత్రమైన ప్రశ్నలు వేయుచుందురు. పిడుగు ఎందులకు పడును? చలిజ్వరము ఎట్లు వచ్చును? చంద్రునిపై మనుష్యుడు నడచెనన్నది నిజమేనా? గడచిన కాలములోనికి మరల పోగల యంత్రము చేయవచ్చునా? పెద్దలు కొందరు నవ్వుదురు, కొందరు విసుగుకొందురు. ఇట్టి ప్రశ్నలకు తెలుగువారు తమ ఇంటి భాషలోనే సమాధానము పొందవలెనని జీవితమంతయు పాటుపడిన మహనీయుడొకరు మన నల్లగొండ సీమలోనే తొలిచదువు చదివిరి. ఆయనయే కొమఱ్ఱాజు వేంకట లక్ష్మణరావు పంతులుగారు.

లక్ష్మణరావుగారు 1877 మే 18వ తేదీన కృష్ణా మండలమునందలి పెనుగంచిప్రోలులో జన్మించిరి. పసితనముననే తండ్రి గతించుటచే సవతి అన్న శంకరరావుగారి పోషణలో పెరిగి, భువనగిరిలో చదువు ప్రారంభించిరి. తరువాత అక్క బండారు అచ్చమాంబగారి ఇంట, నాగపురమున విద్యాభ్యాసము సాగెను. తమ్ముని తోడ్పాటుతో అక్కయు చదువు నేర్చి, అబలా సచ్చరిత్ర రత్నమాల అను గ్రంథమును రచించి పేరుగాంచెను. ఆమె 1905లో అకాలమరణము నొందెను.

నాగపురమున లక్ష్మణరావుగారు మరాఠీ భాషను మాతృభాషవలె నేర్చి, ఆ భాషాపత్రికలలో వ్యాసములు వ్రాసిరి. సంస్కృతము, ఆంగ్లము, హిందీ, ఉర్దూ భాషలును ఆయనకు వశమయ్యెను. మరాఠీవారికి చరిత్రము, శాస్త్రము మున్నగు విషయములపై గ్రంథములుండగా, తెలుగున అట్టివి మిక్కిలి తక్కువగా ఉండుట ఆయన మనస్సును కలచెను.

ఆ లోటు ఎంతటిదో ఒక్క సంగతి చూచిన తెలియును. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదులో రొనాల్డు రాస్ అను వైద్యుడు దోమ కడుపులో చలిజ్వరపు క్రిమిని కనుగొనెను. దోమకాటు వలననే ఆ జ్వరము వ్యాపించునని ఋజువగుటకు ఇది దారితీసెను. ఆయనకు 1902లో నోబెల్ బహుమానము లభించెను. భువనగిరికి ముప్పది మైళ్ల దూరమున జరిగిన ఈ పరిశోధన ఆంగ్లము చదివినవారికి తెలిసెను. చెరువు ప్రక్కన నివసించుచు, ఏటేట ఆ జ్వరముతో వణకిన నల్లగొండ, పాలమూరు రైతునకు దానిని తెలుగులో చెప్పువారెవరు? జ్ఞానము మన గడ్డపైననే పుట్టియు మన ఇంటికి రాకుండెను.

చదువు ముగించి ఎమ్.ఏ. పట్టము పొందిన లక్ష్మణరావుగారు మునగాల సంస్థానమున దివానుగా పనిచేసిరి. ఆనాడు మునగాల నైజాము రాజ్యపు నల్లగొండ జిల్లా నడుమ ద్వీపమువలె నుండి, ఆంగ్లేయుల కృష్ణా జిల్లాకు చెందియుండెను. మునగాల రాజా నాయని వేంకట రంగారావు బహద్దరుగారును, నల్లగొండ ప్రాంతీయులైన రావిచెట్టు రంగారావుగారును ఆయనకు అండగా నిలిచిరి. వీరి పూనికతో 1901 సెప్టెంబరు 1వ తేదీన హైదరాబాదులో, రావిచెట్టువారి ఇంట శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసెను. 1906లో విజ్ఞానచంద్రికా మండలి స్థాపింపబడెను. గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వ్రాసిన అబ్రహాము లింకను చరిత్రము మండలి తొలి గ్రంథము. పిమ్మట జీవశాస్త్రము, రసాయనశాస్త్రము, పదార్థవిజ్ఞానము మున్నగు శాస్త్రములపై గ్రంథములు వెలువడెను. చందాదారులకు అవి తక్కువ వెలకే లభించుచుండెను.

చరిత్రమును గూడ లక్ష్మణరావుగారు శాస్త్రమువలెనే చూచిరి. కాలములో వెనుకకు పోవు యంత్రమును గూర్చిన బాలుని ప్రశ్న ఇచట జ్ఞప్తికి వచ్చును. లక్ష్మణరావుగారు విద్యార్థిగా ఉన్న కాలముననే, 1895లో, ఇంగ్లండున హెచ్.జి.వెల్సు కాలయంత్రమును గూర్చి నవల వ్రాసెను. అది కల్పన. వేగముగా పోవు గడియారము మెల్లగా నడచునని 1905లో ఐన్‌స్టయిను చెప్పెను. 1971లో అమెరికా శాస్త్రజ్ఞులు అణుగడియారములను విమానములలో భూమి చుట్టు త్రిప్పి, సెకనులో నూరుకోట్లవ వంతులలో కొలువదగిన భేదమును కనుగొనిరి. వెనుకకు పోవు మార్గమును మాత్రము ఎవరును చూపలేదు.

అయినను గతమును చూచుటకు ఒక మార్గము కలదు. లక్ష్మణరావుగారు పట్టినది ఆ మార్గమే. సూర్యాపేట చెంత పిల్లలమఱ్ఱిలో 1130వ శకవర్షపు శాసనమున్నది. దానికి 78 కలిపినచో క్రీస్తు శకము 1208 అని తేలును. శాసనమున గ్రహణము చెప్పబడినచో ఆనాడు గ్రహణము పట్టెనో లేదో గణితముచే సరిచూడవచ్చును. పుక్కిటి కథను విడిచి, రాతిని చదివి, లెక్కతో పోల్చి నిజమును తేల్చుటయే ఆయన పద్ధతి. ఆయన వ్రాసిన హిందూ మహాయుగము, మహమ్మదీయ మహాయుగము తెలుగువారికి చరిత్రరచనలో క్రొత్తదారి చూపెను.

ఇంతటితో ఆయన తృప్తిపడలేదు. సర్వవిషయములను అకారాదిగా వివరించు ఆంధ్రవిజ్ఞాన సర్వస్వమును ప్రారంభించిరి. తొలి సంపుటము 1915లో వెలువడెను. మూడు సంపుటములు పూర్తియైనను అకారము దాటలేదు. పెక్కు వ్యాసములు ఆయనయే వ్రాసిరి. ఇంత విపులముగా వ్రాయనిచో గ్రంథము ముగిసియుండెడిదని తలచువారు కలరు. అందు కొంత సత్యమున్నది. కాని అరకొర సమాధానముతో పాఠకుని పంపివేయుట ఆయన స్వభావమునకు సరిపడలేదు. ధనాభావము బాధించెను, ఉబ్బసవ్యాధి పీడించెను. 1923 జూలై 12వ తేదీన మదరాసులో ఆయన కన్నుమూసిరి. అప్పటికి ఆయన వయస్సు నలువదియారేండ్లే.

ఆయన పని ఆయనతో నిలిచిపోలేదు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు సర్వస్వమును మరల చేపట్టిరి. హైదరాబాదున లక్ష్మణరాయ పరిశోధక మండలి ఆయన పేర నిలిచి, 1935లో తెలంగాణా శాసనములను ప్రకటించెను. మునగాల 1959లో నల్లగొండ జిల్లాలో చేరి, 2016 నుండి సూర్యాపేట జిల్లాలో నున్నది.

మన గ్రంథాలయము ఇరువదియైదేండ్లు నిండి రజతోత్సవము జరుపుకొను ఈ శుభసమయమున ఆ మహనీయుని స్మరించుట మన విధి. పూలమాల వేయుట సులభము. బాలుడు ప్రశ్న వేసినపుడు విసుగుకొనక, బీరువా తెఱచి, తగిన పుస్తకమును తీసి, అతనితో కూర్చుండి చదువుట అంత సులభము కాదు. ఆయన అకారమున నిలిపిన పనిని ఒక్కొక్క అక్షరముగా ముందునకు నడపుట అట్లే సాధ్యమగును.