చెరసాలలో సత్యవ్రతము

నియమమును మానవుడు తనంతట తాను పూనినచో అది వ్రతమగును. పరులు విధించినచో అది శిక్షయగును. వేకువనే లేచుట, మితముగా భుజించుట, నేలపై శయనించుట, మౌనమును పాటించుట అనునవి తపస్వికిని, చెరలోని ఖైదీకిని సమానమే. భేదమంతయు మనస్సునందే కలదు. ఈ సత్యమును ఎరుగుటకు శ్రీ గరిమెళ్ళ సత్యనారాయణగారి జీవితము చక్కని ఉదాహరణము.

సత్యనారాయణగారు 1893వ సంవత్సరమున శ్రీకాకుళ ప్రాంతమందలి గోనెపాడు గ్రామమున పేద కుటుంబమున జన్మించిరి. పరుల సాయముతో బి.ఏ. పట్టము పొంది, ఉపాధ్యాయవృత్తి చేపట్టిరి. సహాయనిరాకరణోద్యమ కాలమున చదువును, కొలువును విడిచి, తెల్లదొరతనము మాకు వలదను పాటను రచించి, గోదావరీతీర గ్రామములందు ఎలుగెత్తి పాడిరి. ఆ పాట పిన్నపెద్దల నాలుకలపై నిలిచెను. కాకినాడ కలెక్టరు బ్రేకన్ దొర ఆయనను పిలిపించి పాడించుకొని, తెలుగు రాకున్నను దాని బలమును గ్రహించెనని చెప్పుదురు. 1922లో ఆయనకు ఒక సంవత్సరము శిక్ష పడెను. రాజమహేంద్రవరము చెరసాల ఆయనకు నివాసమయ్యెను.

ఆ పాత కోట 1864లో చెరసాలగా మారి, 1870లో సెంట్రల్ జైలయ్యెను. ఆనాటి చెరసాలల దినచర్య కడు కఠినము. తెల్లవారకమునుపే గంట మ్రోగును. ఖైదీలు వరుసగా కూర్చుండగా వార్డర్లు తలలు లెక్కించెదరు. పిదప గంజి, ఆపై పని. కఠినశిక్ష పడినవారిచే దినమునకు తొమ్మిది గంటలకు మించి పని చేయింపరాదని 1894 నాటి జైళ్ల చట్టము చెప్పినది. అనగా తొమ్మిది గంటల శ్రమ ధర్మసమ్మతమే యని భావించిరన్నమాట! ప్రొద్దు వాలకమునుపే భోజనము ముగించి, మరల లెక్కించి, గదులకు తాళములు వేసెదరు. ఇక రాత్రియంతయు కావలివారి కేకలే తోడు. ఉత్తరములు అరుదు, బంధుదర్శనము మరియు అరుదు. ఎ, బి, సి తరగతుల ఏర్పాటు 1930 నాటికిగాని రాలేదు.

విడుదలయైన సత్యనారాయణగారు ఇల్లు చేరి ఊరకుండలేదు. మరల అదే పాటను ఊరూర పాడిరి. ఈమారు రెండున్నర సంవత్సరముల కఠినశిక్ష పడెను. అసలు పరీక్ష అప్పుడే వచ్చెను. తండ్రి రోగగ్రస్తుడాయెను. క్షమాపణ చెప్పినచో విడిచెదమని ప్రభుత్వమువారు తెలిపిరి. ఒక్క మాట చాలును, తలుపు తెరచుకొనును, తండ్రి మంచము చెంత కూర్చుండవచ్చును. కాని ఆ మాట అసత్యము. చేసినది తప్పు కాదని మనస్సు సాక్ష్యమిచ్చుచుండగా తప్పని నోటితో ఎట్లు పలుకుట? ఆయన అంగీకరింపలేదు. తండ్రి కన్నుమూసెను.

ఇది న్యాయమా యని గృహస్థునకు సందేహము కలుగవచ్చును. పితృసేవ పరమధర్మము కాదా? శ్రీరామచంద్రుడును తండ్రి మరణమును చిత్రకూటమున భరతుని వలన వినెను. మందాకినీ తటమున, తాను తిను గారపిండితోనే పిండప్రదానము గావించెను. అయినను వ్రతమును విడిచి అయోధ్యకు మరలలేదు. ధర్మములు రెండు ఎదురెదురుగా నిలిచినప్పుడు దేనిని ఎంచుకొన్నను దుఃఖము తప్పదు. ఆ దుఃఖమును నిందారహితముగా మోయుటయే ధీరలక్షణము.

చెరకాలమును ఆయన వృథా పుచ్చలేదు. తమిళ, కన్నడ భాషలను అభ్యసించిరి. తిరుక్కురళ్, నాలడియార్ అను తమిళ నీతిగ్రంథములను తెనిగించిరి. విడుదలానంతరము సుఖములు దక్కలేదు. మద్రాసులో పత్రికారచనతో కాలము గడపి, పేదరికముననే 1952 డిసెంబరు 18న దివంగతులైరి.

మనకు తాళములు లేవు, కావలివారు లేరు. అయినను వేకువన లేచుటకు బద్ధకము, మితాహారమునకు జిహ్వ, సత్యమునకు భయము అడ్డువచ్చుచున్నవి. గోడల నడుమనుండియు స్వతంత్రుడైయుండిన ఆ మహనీయుని స్మరించి, గోడలు లేని మనము ఒక్క నియమమునైనను ఇచ్ఛాపూర్వకముగా పూనుట శ్రేయస్కరము.