కడలిలో పిలుపు – జాక్ ఫిలిప్స్ జీవితం



టైటానిక్ ఓడ పేరు వినని వారు మనలో ఉండరు. 1997లో వచ్చిన సినిమాతో ఆ పేరు మన పల్లెల్లో కూడా అందరికీ తెలిసిపోయింది. 1912 ఏప్రిల్ 15 తెల్లవారుజామున ఆ ఓడ అట్లాంటిక్ మహాసముద్రంలో మునిగిపోయింది. సుమారు 1500 మంది చనిపోయారు. సుమారు 700 మంది బతికి బయటపడ్డారు. ఆ 700 మంది బతకడానికి కారణమైన వారిలో 25 ఏళ్ళ యువకుడు ఒకడున్నాడు. అతడు కెప్టెన్ కాదు, గొప్ప ఇంట పుట్టినవాడూ కాదు. చిన్న గదిలో కూర్చుని మీట నొక్కుతూ కబుర్లు పంపే రేడియో ఆపరేటరు. అతని పేరు జాక్ ఫిలిప్స్. నేడు సముద్రం మీద చిన్న పడవ నడిపే వారు కూడా రేడియోలో పాటించే మర్యాదలు ఎందుకు అవసరమో తెలియాలంటే ఇతని జీవితం తెలుసుకోవాలి.

బాల్యం – చదువు

ఫిలిప్స్ పూర్తి పేరు జాన్ జార్జ్ ఫిలిప్స్. ఇంగ్లండులోని సర్రే జిల్లాలో గాడల్మింగ్ పట్టణం పక్కనున్న ఫార్న్‌కూంబ్ అనే ఊళ్ళో 1887 ఏప్రిల్ 11న జన్మించాడు. తండ్రి జార్జ్ ఆల్ఫ్రెడ్ ఫిలిప్స్ ఒక బట్టల దుకాణం నడిపేవాడు. ఆ దుకాణం పైభాగంలోనే వారి కాపురం. తల్లి పేరు యాన్. జాక్‌కు ఇద్దరు అక్కలు, వారు కవలలు. చిన్నతనంలో ఊళ్ళోని చర్చిలో పాటలు పాడే పిల్లల బృందంలో జాక్ కూడా ఉండేవాడు.

1902లో బడి చదువు ముగిసింది. కాలేజీకి వెళ్ళలేదు. గాడల్మింగ్ పోస్టాఫీసులో ఉద్యోగంలో చేరాడు. అక్కడే టెలిగ్రాఫ్ పని నేర్చుకున్నాడు. మన దేశంలో టెలిగ్రామ్ సేవ 2013 జూలైలో ఆగిపోయింది కాబట్టి ఇప్పటి తమ్ముళ్ళకు, చెల్లెళ్ళకు ఆ పని ఎలా ఉండేదో తెలియకపోవచ్చు. ప్రతి అక్షరానికీ చుక్కలు, గీతలతో ఒక గుర్తు ఉంటుంది. దీన్నే మోర్స్ కోడ్ అంటారు. మీటను కాస్త నొక్కితే చుక్క, ఎక్కువసేపు నొక్కితే గీత. అవతలి మనిషి ఆ చప్పుడు విని అక్షరాలుగా రాసుకుంటాడు. వేళ్ళకు వేగం, చెవికి ఓర్పు ఉన్నవారికే ఈ విద్య పట్టుబడుతుంది.

సముద్రం మీద ఉద్యోగం

ఆ రోజుల్లోనే ఇటలీ దేశస్థుడైన మార్కోని తీగలు లేకుండా కబుర్లు పంపే విధానాన్ని ఓడలకు అందించాడు. అంతకు ముందు ఓడ రేవు దాటిందంటే మళ్ళీ రేవు చేరేదాకా దాని కబురు తెలిసేది కాదు. 1906లో ఫిలిప్స్ మార్కోని కంపెనీలో చేరి లివర్‌పూల్ దగ్గరి సీఫోర్త్‌లో కొన్ని నెలలు శిక్షణ పొందాడు. అప్పటికి అతని వయస్సు 19 ఏళ్ళు. మొదట టియుటానిక్ అనే ఓడలో పని చేశాడు. తరువాత లూసిటేనియా, మారిటేనియా వంటి పెద్ద ఓడల్లో పని చేశాడు. 1908 నుంచి 1911 దాకా ఐర్లండు పడమటి తీరంలోని క్లిఫ్డెన్ స్టేషన్‌లో ఉన్నాడు. అట్లాంటిక్ దాటి కబుర్లు పంపే పెద్ద స్టేషన్ అది. ఆ తరువాత మళ్ళీ ఓడల్లోకి వచ్చాడు. 1912లో కొత్తగా కట్టిన టైటానిక్‌కు అతన్ని పెద్ద ఆపరేటరుగా పంపారు. అతని కింద హెరాల్డ్ బ్రైడ్ అనే 22 ఏళ్ళ యువకుడు సహాయకుడు.

ఆనాటి రేడియో పద్ధతులు

ఇక్కడ ఒక విషయం గమనించాలి. అప్పటి రేడియో యంత్రాలు నిప్పురవ్వలు పుట్టించి తరంగాలు పంపేవి. ఒక ఓడ కబురు పంపుతుంటే దగ్గరలోని ఓడలన్నింటికీ అది పెద్దగా వినపడేది. దూరం నుంచి వచ్చే సన్నని చప్పుడు ఆ మోతలో కలిసిపోయేది. అంటే నలుగురూ ఒకే గదిలో కూర్చుని మాట్లాడుకోవడం లాంటిది. ఒకరు గట్టిగా మాట్లాడితే మిగిలిన ముగ్గురికీ ఏమీ వినపడదు.

ఆపరేటర్లంతా దాదాపు కుర్రవాళ్ళే. మీసాలు కూడా సరిగా రాని వయస్సులో ఒకరినొకరు ముసలోడా అని సరదాగా పిలుచుకునేవారు. ఒకరు అడ్డం వస్తే నోరు మూసుకోమని మోటుగా చెప్పడం కూడా మామూలే. ఎవరూ దాన్ని పెద్ద తప్పుగా పట్టించుకునేవారు కాదు.

వారికి జీతమిచ్చేది మార్కోని కంపెనీ. ప్రయాణికులు పంపే టెలిగ్రాములే కంపెనీకి రాబడి. టైటానిక్‌లో మొదటి 10 మాటలకు 12 షిల్లింగుల 6 పెన్నీలు వసూలు చేసేవారు. అది ధనవంతులకే సాధ్యం. అయినా క్షేమ సమాచారాలు, వ్యాపార కబుర్లు గుట్టలుగా వచ్చి పడేవి. మరోపక్క, ఆపదలో ఉన్న ఓడ పిలుపుకు అన్నింటికన్నా ముందు స్థానం ఇవ్వాలని 1906లో బెర్లిన్‌లో జరిగిన అంతర్జాతీయ సమావేశం నిర్ణయించింది. ఎస్.ఓ.ఎస్. అనే ఆపద గుర్తు కూడా అప్పుడు వచ్చినదే. కాని రాత్రంతా రేడియో దగ్గర ఒక మనిషి మేలుకుని ఉండాలన్న నియమం మాత్రం లేదు. ఒక్కరే ఆపరేటరు ఉన్న ఓడలో ఆయన నిద్రపోతే ఆ ఓడ చెవులు మూసుకున్నట్లే.

ఏప్రిల్ 14 రాత్రి

టైటానిక్ ఏప్రిల్ 10న సౌతాంప్టన్ రేవు నుంచి బయలుదేరింది. మరునాడు ఫిలిప్స్‌కు 25 ఏళ్ళు నిండాయి. ఏప్రిల్ 12 రాత్రి రేడియో యంత్రం చెడిపోయింది. ఫిలిప్స్, బ్రైడ్ ఇద్దరూ తెల్లవార్లూ కూర్చుని, 13వ తేదీ తెల్లవారుజామున దాన్ని బాగు చేశారు. అలా బాగు చేయకపోతే రెండు రోజుల తరువాత ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. అయితే ఆ లోపల పంపవలసిన కబుర్లు బాగా పేరుకుపోయాయి.

14వ తేదీ ఆదివారం. దారిలో మంచుకొండలు ఉన్నాయని ఉదయం నుంచి వేర్వేరు ఓడలు కబుర్లు పంపాయి. కొన్ని కెప్టెన్ స్మిత్‌కు అందాయి. రాత్రి 9.40 ప్రాంతంలో మెసాబా అనే ఓడ పంపిన హెచ్చరిక మాత్రం ఓడ నడిపే అధికారులకు చేరలేదు. అప్పుడు ఫిలిప్స్ కెనడా తీరంలోని కేప్ రేస్ స్టేషన్‌కు ప్రయాణికుల టెలిగ్రాములు పంపుతూ ఊపిరి సలపని పనిలో ఉన్నాడు.

రాత్రి 11 గంటల ప్రాంతంలో కాలిఫోర్నియన్ అనే ఓడ నుంచి సిరిల్ ఎవాన్స్ అనే ఆపరేటరు పిలిచాడు. తమ ఓడ చుట్టూ మంచు కమ్ముకోవడంతో ఆగిపోయామని చెప్పబోయాడు. అది కెప్టెన్‌కు ఇవ్వవలసిన అధికారిక కబురులా కాక, స్నేహితునితో ముచ్చటలా మొదలుపెట్టాడు. ఓడ దగ్గరలో ఉండడం వల్ల ఆ మోత ఫిలిప్స్ చెవులు పగిలేలా వినిపించింది. కేప్ రేస్ చప్పుడు అందులో కలిసిపోయింది. తాను పనిలో ఉన్నానని, ఆపమని ఫిలిప్స్ గట్టిగా చెప్పాడు. ఎవాన్స్ ఆపేశాడు. కొంతసేపు విని, యంత్రం కట్టేసి, రోజంతా పని చేసిన అలసటతో పడుకున్నాడు. కొద్ది నిమిషాలకే, 11.40కి టైటానిక్ మంచుకొండను ఢీకొట్టింది.

ఆ తరువాత జరిగిన విచారణలో ఎవాన్స్ ఆ మాటను తాను అవమానంగా తీసుకోలేదని, ఆపరేటర్ల మధ్య అది మామూలేనని చెప్పాడు. ఫిలిప్స్ ఒక్కడి మీద తప్పు మోపడం కూడా న్యాయం కాదు. మంచు ఉందని తెలిసినా ఓడ వేగం తగ్గించలేదు. సుమారు 2200 మంది ఉన్న ఓడలో 1178 మందికి సరిపోయే లైఫ్‌బోట్లే ఉన్నాయి. కాని ఒక్క మాట నిజం. ఏ పొరుగువాడిని ఆపమన్నాడో, గంట తిరగకుండానే ఆ పొరుగువాడి సాయమే ఫిలిప్స్‌కు కావలసి వచ్చింది. అప్పటికి ఆ చెవి నిద్రలో ఉంది.

చివరి రెండు గంటలు

కెప్టెన్ స్మిత్ రేడియో గదికి వచ్చి సాయం అడగమన్నాడు. ఫిలిప్స్ మొదట మార్కోని కంపెనీ వాడుకలో ఉన్న సి.క్యూ.డి. అనే ఆపద గుర్తును, తరువాత ఎస్.ఓ.ఎస్.నూ పంపాడు. ఓడ ఉన్న చోటును మళ్ళీ మళ్ళీ తెలిపాడు.

58 మైళ్ళ దూరంలో కార్పాథియా అనే ఓడ ఉంది. అందులో హెరాల్డ్ కాటమ్ ఒక్కడే ఆపరేటరు. పడుకోవడానికి సిద్ధమవుతూ కూడా హెడ్‌ఫోన్ తీయలేదు. టైటానిక్ కోసం తీరపు స్టేషన్‌లో కబుర్లు వేచి ఉన్నాయని స్నేహంగా చెబుదామని పిలిచాడు. వెంటనే రమ్మని, మంచుకొండను ఢీకొట్టామని జవాబు వచ్చింది. కాటమ్ పరుగెత్తి కెప్టెన్ రోస్ట్రన్‌ను లేపాడు. ఆయన ఓడను వెంటనే తిప్పించాడు. కాటమ్‌కు ఆ వేళ పిలవవలసిన బాధ్యత ఏమీ లేదు. సాటివాడికి ఉపయోగపడదామన్న మంచితనంతో పిలిచాడు. 700 ప్రాణాలు దాని మీద నిలిచాయి.

ఫ్రాంక్‌ఫర్ట్ అనే జర్మన్ ఓడ కూడా పిలుపు విన్నది. కొంతసేపటికి దాని ఆపరేటరు అసలు సంగతి ఏమిటని మళ్ళీ అడిగాడు. విసిగిపోయిన ఫిలిప్స్ అతన్ని మందలించి, అడ్డు రావద్దన్నాడు. మునిగిపోతున్న మనిషికి చెప్పిందే చెప్పే ఓపిక ఎక్కడిది? అలాగని అడిగినవాడిదీ దురుద్దేశం కాదు. ఆపద కబురు ఏ వరుసలో చెప్పాలో, విన్నవారు ఏం చేయాలో ఇద్దరికీ ఒకే పద్ధతి తెలిసి ఉంటే ఆ విసుగే పుట్టేది కాదు.

దగ్గరలోని కాలిఫోర్నియన్ అధికారులు ఆకాశంలో తెల్లని తారాజువ్వలు చూశారు. కాని తెల్లవారేదాకా ఎవాన్స్‌ను లేపి రేడియో వినమని చెప్పలేదు.

రాత్రి 2 గంటలు దాటాక కెప్టెన్ స్మిత్ వచ్చి, ఇక మీ బాధ్యత తీరింది, ప్రాణాలు కాపాడుకోండని ఇద్దరు ఆపరేటర్లకూ చెప్పాడు. అయినా ఫిలిప్స్ మీట వదలలేదు. కరెంటు తగ్గిపోతున్నా, గదిలోకి నీళ్ళు వస్తున్నా ఇంకొంతసేపు పిలుస్తూనే ఉన్నాడు. 2.20కి ఓడ మునిగింది. బ్రైడ్ తలకిందులైన పడవను పట్టుకుని బతికాడు. ఫిలిప్స్ బతకలేదు. అతని శరీరం కూడా దొరకలేదు. తెల్లవారుజామున 4 గంటల ప్రాంతంలో కార్పాథియా చేరి, పడవల్లో ఉన్నవారిని ఎక్కించుకుంది. కాళ్ళు దెబ్బతిన్న బ్రైడ్ ఆ ఓడలో కూడా కాటమ్‌కు సాయంగా కూర్చుని కబుర్లు పంపాడు.

1914లో గాడల్మింగ్ ప్రజలు ఫిలిప్స్ జ్ఞాపకార్థం నది ఒడ్డున తోటతో కూడిన ఒక మంటపం కట్టించారు. అది నేటికీ ఉంది.

ఆ మరణాల నుంచి పుట్టిన మర్యాదలు

1914 జనవరిలో లండన్‌లో సముద్రంపై ప్రాణరక్షణ కోసం అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. పెద్ద ప్రయాణికుల ఓడల్లో 24 గంటలూ రేడియో వినాలన్న నియమం అలా వచ్చింది. ఆ తరువాతి కాలంలో మౌన సమయం అనే చక్కని ఆచారం స్థిరపడింది. ప్రతి గంటలో 15వ నిమిషం నుంచి 18 దాకా, 45 నుంచి 48 దాకా ఓడలన్నీ ఆపద తరంగం మీద మాటలు ఆపి వినేవి. సన్నని గొంతు ఏదైనా సాయం అడుగుతోందేమోనని! రేడియో గది గడియారాల మీద ఆ నిమిషాలను ఎర్ర రంగుతో గుర్తించేవారు. 1999 ఫిబ్రవరి 1 నుంచి ఉపగ్రహాలతో, యంత్రాలతో కూడిన కొత్త ఆపద వ్యవస్థ పూర్తిగా అమలులోకి రావడంతో పెద్ద ఓడల్లో మోర్స్ అవసరం తీరిపోయింది.

ఇంగ్లండు, అమెరికా వంటి దేశాల్లో సెలవు రోజుల్లో సరదాగా పడవలు నడిపేవారు చాలామంది. వారి దగ్గర వి.హెచ్.ఎఫ్. అనే చిన్న రేడియో సెట్టు ఉంటుంది. మన విశాఖ, కాకినాడ రేవుల నుంచి వేటకు వెళ్ళే మరబోట్లలో కూడా ఈ సెట్లు కనిపిస్తాయి. వీటిలో 16వ ఛానెల్ పిలుపుకు, ఆపదకు కేటాయించినది. మీట నొక్కి ఒకరు మాట్లాడుతుంటే ఆ ఛానెల్‌లో ఇంకొకరికి చోటు ఉండదు. అందుకే ఈ మర్యాదలు:

1. మాట్లాడే ముందు వినాలి. ఛానెల్ ఖాళీగా ఉంటేనే మీట నొక్కాలి.

2. ముందు అవతలి పడవ పేరు, తరువాత మన పడవ పేరు చెప్పాలి. జవాబు రాగానే వేరే ఛానెల్‌కు మారి మాట్లాడుకోవాలి. 16లో కబుర్లు చెప్పుకోకూడదు.

3. మాట ముగించి జవాబు కోరేటప్పుడు ఓవర్ అనాలి. సంభాషణ పూర్తయితే అవుట్ అనాలి.

4. ప్రాణాపాయం ఉంటేనే మేడే అని మూడుసార్లు పిలవాలి. పడవ పేరు, ఉన్న చోటు, జరిగిన ఆపద, కావలసిన సాయం, ఎంతమంది ఉన్నారు అన్నది వరుసగా చెప్పాలి. ప్రాణభయం లేని అత్యవసరానికి పాన్ పాన్ అనాలి.

5. మేడే విన్నవారు వెంటనే మౌనం వహించాలి. విన్నది కాగితం మీద రాసుకోవాలి. ఎవరూ జవాబివ్వకపోతే తాము జవాబివ్వాలి, ఆ పిలుపును తీరానికి చేరవేయాలి.

6. ఆటకైనా అబద్ధపు ఆపద పిలుపు ఇవ్వరాదు.

ఈ ఆరింటినీ ఒకసారి ఏప్రిల్ 14 రాత్రి పక్కన పెట్టి చూడండి. ఎవాన్స్ పిలిచిన తీరు, ఫిలిప్స్ విసుగు, ఫ్రాంక్‌ఫర్ట్ ప్రశ్న, నిద్రలో ఉన్న చెవి, అన్నింటికీ ఇందులో సమాధానం ఉంది.

మనం నేర్చుకోవలసింది

మిత్రులారా! ఫిలిప్స్ పోస్టాఫీసులో చిన్న ఉద్యోగంతో మొదలుపెట్టి, చేతి విద్యతో ప్రపంచంలోకెల్లా పెద్ద ఓడ దాకా వెళ్ళాడు. బాధ్యత తీరిందని పెద్దవారే చెప్పినా పరుల కోసం ఇంకా పని చేశాడు. అది అతని గొప్పతనం. పని ఒత్తిడిలో సాటివాడి మాట పూర్తిగా వినలేకపోవడం అతని లోటు. ఆ లోటు మనుషులందరిలోనూ ఉంది. అందుకే లోకం అతని గొప్పతనానికి మంటపం కట్టి, లోటుకు నియమాలు రాసుకుంది.

మనం కూడా ఒక గదిలో పదిమందిమి, ఇరవైమందిమి కలిసి బతుకుతున్నాం. పరీక్షల ముందు రోజు ఎవరి హడావిడి వారిది. ఆ హడావిడిలో పక్క మంచం మీది తమ్ముడు ఏదో చెప్పబోతే ఒక్క నిమిషం విందాం. జ్వరమో, ఇంటి దిగులో, ఇంకేదైనా బాధో, అతను సరైన మాటల్లో చెప్పలేకపోవచ్చు. కష్టంలో ఉన్నవారు కూడా మొహమాటపడకుండా స్పష్టంగా చెప్పుకోవాలి. ఒకరు జవాబివ్వకపోతే ఇంకొకరిని పిలవాలి. వార్డెన్ గారికైనా, స్నేహితునికైనా కబురు చేరేదాకా పిలుస్తూనే ఉండాలి. పిలిచేవాడు ఆపకూడదు, వినేవాడు నిద్రపోకూడదు.