విలియం స్లిమ్: ఓడిన సైన్యంతోనే గెలిచాడు.. గెలిచాక పదవి పోయేంత పనైంది! ఆ బ్రిటిష్ జనరల్ కథ ఇదే..

రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ జనరల్ అనగానే చాలామందికి మోంట్‌గోమరీ పేరే గుర్తొస్తుంది. కానీ మన ఇంఫాల్, కోహిమా దాకా వచ్చిన జపాన్ సైన్యాన్ని వెనక్కి తరిమింది మాత్రం విలియం స్లిమ్.

ఆయనది పెద్దింటి నేపథ్యమేమీ కాదు. 1891లో బ్రిస్టల్‌లో పుట్టారు. తండ్రి ఇనుప సామాన్ల వ్యాపారం దెబ్బతినడంతో స్లిమ్ బడిలో పాఠాలు చెప్పారు, గుమాస్తాగా పనిచేశారు. 1914లో యుద్ధం రావడంతో ఆఫీసర్ అయ్యారు. గల్లిపోలిలో తీవ్రంగా గాయపడ్డారు. తర్వాత భారత సైన్యంలోకి మారి గూర్ఖా రెజిమెంట్‌లో చేరారు. జీతం సరిపోక మారుపేరుతో కథలు కూడా రాసేవారు.

అసలు పరీక్ష 1942 మార్చిలో మొదలైంది. ఆయన బర్మాలో బాధ్యతలు తీసుకునేసరికే రంగూన్ పడిపోయింది. సుమారు 1,400 కిలోమీటర్లు వెనక్కి తగ్గుతూ సైన్యాన్ని భారత్ చేర్చారు. అదే సమయంలో రంగూన్‌లోని తెలుగు కూలీలు సహా లక్షల మంది భారతీయులు అడవి దారుల్లో నడిచి వచ్చారు. దారిలోనే ఎందరో చనిపోయారు.

1943లో 14వ ఆర్మీ ఆయన చేతికొచ్చింది. అందులో ఎక్కువమంది భారతీయులే. అప్పటికి జపాన్ కంటే పెద్ద శత్రువు మలేరియా! గాయపడి ఆస్పత్రికెళ్లేవాళ్లు ఒక్కరుంటే, జబ్బుపడి వెళ్లేవాళ్లు 120 మంది. స్లిమ్ రోజూ మెపాక్రిన్ మాత్ర తప్పనిసరి చేశారు. ఆకస్మిక తనిఖీల్లో లెక్క తప్పిన ముగ్గురు కమాండింగ్ ఆఫీసర్లను తప్పించేశారు. అంతే.. మిగతావాళ్లు దారికొచ్చారు.

1944 మార్చిలో జపాన్ దాడికి దిగింది. వాళ్లతో పాటు ఆజాద్ హింద్ ఫౌజ్ కూడా ఉంది. అంటే ఇంఫాల్ దగ్గర రెండు వైపులా భారతీయులే! స్లిమ్ ఈసారి వెనక్కి తగ్గలేదు. చుట్టుముట్టినా విమానాల్లో తిండి, మందుగుండు అందేలా చూశారు. తిండి లేక, జబ్బులతో జపాన్ సైన్యమే జులైలో వెనుదిరిగింది.

1945లో మాండలేపైనే గురి ఉన్నట్టు నమ్మించి, వెనకనున్న మెయిక్టిలాను పట్టుకున్నారు. మే నెలలో రంగూన్ చేజిక్కింది.

ట్విస్ట్ ఏంటంటే.. అదే నెలలో పైఅధికారి ఆలివర్ లీస్ ఆయన్ను 14వ ఆర్మీ నుంచి తప్పించబోయారు. సైన్యంలో తీవ్ర అసంతృప్తి, పై నుంచి అభ్యంతరం! చివరికి లీస్ పదవే పోయింది. ఆ కుర్చీలోకి స్లిమ్ వచ్చారు.

1948లో బ్రిటిష్ సైన్యానికి అధిపతి అయ్యారు. భారత సైన్యం నుంచి ఆ పదవికెళ్లిన తొలి అధికారి ఆయనే. 1953 నుంచి 1960 దాకా ఆస్ట్రేలియా గవర్నర్ జనరల్‌గా ఉన్నారు. 1970లో లండన్‌లో కన్నుమూశారు.

1956లో వచ్చిన తన యుద్ధ జ్ఞాపకాల్లో స్లిమ్ గెలుపులతో పాటు తప్పులూ రాసుకున్నారు. కోహిమాకు ఎంత పెద్ద బలగం వస్తుందో ముందే అంచనా వేయలేకపోవడం తన పొరపాటేనని ఒప్పుకున్నారు.