డాక్టరు జెన్నరు చరితము - శిశువులకు టీకాలు

మశూచికమను పేరు నేటి పిల్లలకు తెలియదు. వారి ముత్తాతల కాలమున దానిని పేరుపెట్టి పిలుచుటకే జనులు జంకి, అమ్మవారు పోసినదని చెప్పి, గుమ్మమునకు వేపమండలు గట్టుచుండిరి. బ్రతికి బయటపడినవారు ముఖమున మచ్చలతోడను, కొందఱు చూపు కోల్పోయియు మిగిలిరి. అట్టి వ్యాధి నేడు భూమండలమున నెచ్చటను లేదు. ఈ సంగతిని ప్రపంచ ఆరోగ్య సంస్థవారి మహాసభ 1980 మే 8వ తేదిన లోకమునకు ప్రకటించెను. ఇది మందు త్రాగించి కుదిర్చిన రోగము కాదు. టీకాలు వేసి రానీయకుండ జేసిన రోగము. ఆ టీకాకు మూలపురుషుడైన ఎడ్వర్డు జెన్నరు చరితమును మన గృహస్థులకు జ్ఞప్తి చేయుట యుక్తమని తలంచుచున్నాము. రోగము కంటికి కానరాకపోయినంతనే టీకాయెందుకను మాట పుట్టుట సహజము. ఆ మాటకు ఈ చరితమునందే ప్రత్యుత్తరమున్నది.

జెన్నరు 1749 మే 17వ తేదిన ఇంగ్లండులోని గ్లాస్టరుషైరు మండలమున బర్క్లీ యను చిన్న యూర జన్మించెను. ఐదేండ్ల ప్రాయముననే తల్లిదండ్రులు గతింపగా తోడబుట్టినవారి సంరక్షణమున పెరిగెను. ఎనిమిదవ యేట అతనికి ఆ కాలపు పద్ధతిని మశూచికపు రసినే ఎక్కించిరి. అంతకుముందు ఉపవాసము లుంచి, నెత్తురు తీసి, తరువాత ఇతర బాలురతో గూడ నొక సాలలో నిర్బంధించిరి. ఆ బాధను అతడు జీవితాంతము మఱువలేదు.

రోగి పొక్కులోని రసిని ఆరోగ్యవంతుని చర్మము గీరి ఎక్కించు నీ పద్ధతి యూరోపువారు కనిపెట్టినది కాదు. చీనా, తురుష్క దేశములందును మన దేశమందును అది మునుపే యుండెను. వంగదేశమున టీకాదారులను వృత్తివారు ఊరూర తిరిగి ఈ పని చేయుచుండిరి. నేడు మన మాడు టీకా యను మాట అట్టివారి వాడుకలోనిదే. కాన్‌స్టాంటినోపిలులో దీనిని చూచి వచ్చిన లేడీ మేరీ మాంటేగ్యూ 1721లో లండనున దీనికి ప్రచారము కల్పించెను. కాని ఇందు అపాయము లేకపోలేదు. ఎక్కించుకొన్నవారిలో నూటికి ఒకరిద్దరు మరణించుచుండిరి. వారివలన ఇతరులకు రోగము సోకుటయు గలదు.

జెన్నరు 1770లో లండనునకు బోయి, శస్త్రవైద్యమున ప్రఖ్యాతుడైన జాన్ హంటరునకు శిష్యుడయ్యెను. ఊహించి యూరకుండక పరీక్షించి చూడవలెనను బుద్ధి ఆ గురువువలన నతనికి దృఢమయ్యెను. పిమ్మట రాజధానిలో నిలువక స్వగ్రామమునకు మరలివచ్చి వైద్యము సాగించెను.

ఆ ప్రాంతమున పాడిపశువు లధికము. ఆవుల పొదుగులపై లేచు పొక్కులు పాలు పితుకువారి చేతులకు అంటుట కలదు. అట్లంటినవారికి మశూచికము రాదని పల్లెజనులు చెప్పుకొనుచుండిరి. బెంజమిను జెస్టీ యను రైతు ఈ మాటను నమ్మి 1774లోనే తన భార్యకును ఇరువురు కుమాళ్లకును ఆవు పొక్కుల రసిని ఎక్కించెను. కావున ఈ జ్ఞానము మొదట పల్లెవారిది. దానిని పరీక్షకు నిలిపి, ఫలితములను వ్రాసి, లోకమునకు వెల్లడించినవాడు జెన్నరు.

1796 మే 14వ తేదిన సారా నెల్మ్సు అను పాలుపితుకు పడుచు చేతి పొక్కునుండి రసి దీసి, తోటమాలి కుమారుడగు జేమ్సు ఫిప్సు అను ఎనిమిదేండ్ల బాలుని చేతికి జెన్నరు ఎక్కించెను. కొద్దిపాటి జ్వరము వచ్చి పోయెను. జూలై నెలలో ఆ బాలునకే మశూచికపు రసి ఎక్కించి చూడగా రోగము రాలేదు. పరుల బిడ్డపై నిట్టి పరీక్ష చేయుట నేటి వైద్యధర్మము సమ్మతింపదు. నేడు ప్రతి టీకామందును అనేక పరీక్షలు దాటినగాని శిశువు కడకు రాదు.

తన పరిశీలనమును జెన్నరు రాయల్ సొసైటీవారి కెఱిగింపగా వారు ప్రకటింప నిరాకరించిరి. అతడు మరికొన్ని నిదర్శనములు చేర్చి 1798లో స్వయముగా గ్రంథము ప్రకటించెను. అంతట పరిహాసములు బయలుదేరెను. టీకా వేయించుకొన్నవారి దేహములనుండి ఆవులు మొలచుచున్నట్లు 1802లో నొక చిత్రకారుడు బొమ్మ గీసెను. జెన్నరు వెనుదీయలేదు. తన విద్యను రహస్యముగ దాచుకొని ధనమార్జింపక, అడిగినవారికెల్ల నేర్పెను. తన తోటలోని కుటీరమున బీదలకు ఉచితముగ టీకాలు వేసెను. పార్లమెంటువారు 1802లో 10,000 పౌనులును, 1807లో 20,000 పౌనులును అతనికి బహుమానముగ నిచ్చిరి.

ఇక నీ టీకా దేశదేశములకు ప్రాకిన విధము మిక్కిలి గమనింపదగినది. ఆ కాలమున మందును చల్లగా నిలువచేయు సాధనములు లేవు. ఒక బిడ్డ చేతిపై లేచిన పొక్కునుండి రసి దీసి వేఱొక బిడ్డకు, ఆ బిడ్డనుండి మఱియొకనికి ఎక్కించుచు పోవలసియుండెను. స్పెయినువారు 1803లో ఇరువదిద్దరు అనాథబాలురను ఓడ నెక్కించి, దారిపొడవున ఒకరినుండి యొకరికి వేయుచు అమెరికాఖండమునకు టీకాను చేర్చిరి. మన దేశమున 1802 జూన్ 14వ తేదిన బొంబాయిలో అన్నా డస్తాల్ అను మూడేండ్ల బాలికకు మొట్టమొదట టీకా వేసిరి. ఆమె చేతినుండి మఱికొందఱు బిడ్డలకును, అటుపిమ్మట పూనా, సూరతు, హైదరాబాదు, మద్రాసులకును అది వ్యాపించెను. నడుమ నొక్క బిడ్డ తల్లి నిరాకరించిన ఆ గొలుసు తెగియుండెడిది.

జెన్నరు 1823 జనవరి 26వ తేదిన మరణించెను. ఒక్కసారి టీకా వేసిన జన్మాంతము చాలునని అతడు నమ్మెను. అది సరికాదనియు, కొంతకాలమునకు మరల వేయవలసియుండుననియు తరువాతివారు తెలిసికొనిరి. చెప్పిన గడువులకు రెండవ మాత్ర, మూడవ మాత్ర తప్పక వేయించవలెను. అతని యనంతరము నూటయేబది యేండ్లకు పైగా పాటుపడినగాని మశూచికము తొలగలేదు. మన దేశమున 1975లోను, సోమాలియాలో 1977లోను ఆ వ్యాధి సహజముగ సోకిన తుది రోగులు కానవచ్చిరి.

నేడు టీకామందు శీతలపేటికలలో వచ్చుచున్నది; చేతినుండి చేతికి పోవలసిన పని లేదు. అయినను ఆ గొలుసు పోలేదు. తట్టు అను పొంగు సోకకుండ మన దేశమున తొమ్మిది నెలలు నిండినపిదపనే శిశువునకు మొదటి టీకా వేయుదురు. అంతకు చిన్నదియైన పసికందును కాపాడునది చుట్టునున్న బిడ్డల టీకాలే. నూటికి 95 మందికి రెండు మాత్రలును పడినగాని ఆ జాడ్యము ఊరిలో నిలువరింపబడదని వైద్యులు నిర్ణయించిరి. తన బిడ్డకు టీకా వద్దనువాడు పొరుగువాని యుయ్యాలలోని బిడ్డ కంచెను గూడ తెంచుచున్నాడు. టీకా వేసిననాడు కొందఱు బిడ్డలకు జ్వరము తగులుట నిజము. ఒకటి రెండు దినముల జ్వరమునకు వెఱచి ప్రాణాంతకమగు జాడ్యమునకు తలుపు తీయుట వివేకము కాదు.

తమ బిడ్డలకు వేయించినంతనే మన గ్రామపెద్దల బాధ్యత తీరదు. టీకాల దినమున పొలమునకు కూలికి వచ్చిన తల్లి, కూలి పోవునని వెఱచి బిడ్డను తీసికొనిపోకున్న, ఆ లోపము ఆమెది మాత్రమే కాదు. ఆ పూట ఆమెకు సెలవొసగి, కూలి తగ్గింపకుండుట భూస్వాములు చేయగల చిన్న పని. పట్టణములందలి గృహస్థులు తమ యింట పనిచేయువారి బిడ్డల టీకాచీటిని ఒకసారి అడిగి చూడవచ్చును. జెన్నరు కుటీరమునకు వచ్చిన బీదలు ఒక్క కాసైన ఇచ్చుకొననక్కరలేకపోయెను. మన ప్రభుత్వ ఆరోగ్యకేంద్రములందును నేడు శిశువులకు టీకాలు ఉచితమే. బిడ్డలను అచ్చటికి చేర్చు భారము మాత్రము మనయందున్నది.