రహదారుల వైద్యుడు మెకాడం

జాన్ లౌడన్ మెకాడం 1756వ సంవత్సరమున స్కాట్లండు దేశమందలి ఏర్ పట్టణమున జన్మించెను. పదునాలుగవ యేట తండ్రిని గోల్పోయి, న్యూయార్కులో వర్తకుడైన తండ్రి సోదరుని చెంత జేరెను. వాణిజ్యమున ధనమార్జించి, 1783లో స్వదేశమునకు మరలి భూస్వామియై స్థిరపడెను.

ఆ కాలమున బ్రిటనునందు వర్తకమును, పరిశ్రమలును దినదినాభివృద్ధి జెందుచుండెను. బరువు బండ్లు పెరిగెను గాని బాటలు పూర్వపువే. ఊరివారు ఏటికి 6 దినములు కూలి లేక బాటపని చేయవలెనని శాసనము గలదు. పెద్దబాటలను స్థానిక ధర్మకర్తల సంఘములు చూచుచుండెను. అవి గేట్ల కడ సుంకము వసూలు చేయుచు, ఆ రాబడిపై అప్పులు తెచ్చుచుండెను. అయినను బాట బాగుపడదయ్యెను. గుంట పడినచోట రాయియు మన్నును పోయుదురు. వాన కురియగనే అది బురదయగును. మరల రాయి కొందురు. లెక్క చూచువారును, పని తెలిసినవారును అరుదు.

మెకాడం తన సీమలో అట్టి సంఘమున సభ్యుడై ఈ దుస్థితిని గాంచెను. స్వంత సొమ్ము వెచ్చించి దేశమంతట తిరిగి బాటలను పరీక్షించెను. బాటకు బలము అడుగునగల పొడినేలయనియు, శత్రువు నీరనియు గ్రహించెను. కావున బాటను ప్రక్కనేలకంటె ఎత్తుగా నిలిపి, నడుమ కొంచెము ఉబ్బుగా నుంచి, నీరు కాలువలకు జారునట్లు చేయుట ఆయన పద్ధతి.

1816లో, అరువదేండ్ల ప్రాయమున, బ్రిస్టలు రహదారుల సంఘమునకు పర్యవేక్షకుడయ్యెను. పాతబాటను త్రవ్వించి, అందలి పెద్దరాళ్లనే చిన్న సుత్తెలతో పగులగొట్టించి మరల పరపించెను. ఒక్కొక్క ముక్క 6 ఔన్సులకు, అనగా సుమారు 170 గ్రాములకు, మించరాదు, మన్ను కలుపరాదు. బండిచక్రముల ఒత్తిడికే ఆ ముక్కలు ఒకదానితో నొకటి బిగిసి గట్టిపడును. పాతరాయియే పనికివచ్చుటచే సొమ్ము మిగిలెను. రాళ్లు కొట్టుపనిలో స్త్రీలకును వృద్ధులకును కూలి దొరకెను.

పని తెలిసిన ఉద్యోగికి తగిన జీతమీయవలెననియు, సంఘముల జమాఖర్చులు చక్కగ పరీక్షింపబడవలెననియు ఆయన పట్టుదల. ప్రభుత్వమీయజూపిన నైట్ బిరుదును నిరాకరింపగా, 1834లో అది కుమారుడైన జేమ్సునకు లభించెను. 1836లో మెకాడం కీర్తిశేషుడయ్యెను.

పిమ్మట రైళ్లు వచ్చి సుంకములు తగ్గగా, సంఘములు అప్పులలో మునిగి, 1895 నాటికి పూర్తిగ అంతరించెను. బాటల భారము స్థానిక ప్రభుత్వములకు చేరెను. మెకాడం పద్ధతి మాత్రము నిలిచెను. మన కంకర రోడ్లు ఆ వంశమునకు జెందినవే. బాట ప్రక్క కాలువను పూడనీయక, బాటకై వచ్చిన రూకకు లెక్క తప్పనీయక కాచుకొను గ్రామపంచాయతీ ఆయన బోధించిన పనినే చేయుచున్నది.