కీటకాల ఘ్రాణరహస్యం — ఫాబ్ర్ జీవిత కృషి

మానవునికి లోకం ప్రధానంగా నేత్రగోచరం. కాని చీమకూ, తేనెటీగకూ, చీకటిలో తిరిగే శలభానికీ వాసనే దారి చూపుతుంది. వాసనే వార్త తెస్తుంది. నేడు పాఠ్యపుస్తకాలలో కనిపించే ఈ విషయం పంతొమ్మిదవ శతాబ్దంలో ఇంకా వివాదాస్పదమైన ఊహ. దానిని ఓపికతో పరీక్షించిన వారిలో అగ్రగణ్యుడు ఫ్రాన్సు దేశపు ఉపాధ్యాయుడు ఝాన్ ఆన్రీ ఫాబ్ర్. ఆయనకు విశ్వవిద్యాలయ పీఠం లేదు, ధనబలం లేదు. ఉన్నవల్లా పరిశీలనా దృష్టి, సత్యనిష్ఠ మాత్రమే.

ఫాబ్ర్ 1823 డిసెంబరులో దక్షిణ ఫ్రాన్సులోని సెయింట్ లియోన్ అనే కుగ్రామంలో నిరుపేద కుటుంబంలో జన్మించాడు. పోషణభారం భరించలేక తల్లిదండ్రులు ఆయనను బాల్యంలో తాత, అవ్వల వద్ద ఉంచారు. తరువాత కుటుంబం ఊరూరా తిరిగినా దారిద్ర్యం వెన్నంటే వచ్చింది. పిన్నవయస్సులోనే చదువు మాని, సంతలో నిమ్మకాయలు అమ్మి, రైలుమార్గం పనులలో కూలి చేసి పొట్ట పోసుకున్నాడు. ఆ స్థితిలోనే పోటీ పరీక్షలో నెగ్గి, విద్యార్థి వేతనంతో అవిన్యోన్ పట్టణంలోని ఉపాధ్యాయ శిక్షణ కళాశాలలో ప్రవేశించాడు. 1842లో కార్పెంత్రాలో ప్రాథమికోపాధ్యాయుడయ్యాడు. అక్కడ ఒక నెల జీతమంతా వెచ్చించి కీటకశాస్త్ర గ్రంథాన్ని కొన్నాడంటే ఆయన జిజ్ఞాస ఎట్టిదో ఊహించవచ్చు.

గణితాన్నీ, భౌతికశాస్త్రాన్నీ గురువు లేకుండానే అభ్యసించి పట్టాలు పొందాడు. 1849లో కోర్సికా ద్వీపంలో భౌతికశాస్త్ర బోధకుడుగా చేరాడు. అక్కడ పరిచయమైన మోకాఁ-తాందోఁ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు ఆయన మనస్సును జీవశాస్త్రం వైపు మళ్ళించాడు. 1853లో అవిన్యోన్‌కు తిరిగివచ్చి, రెండేళ్ళలో డాక్టరేటు సాధించాడు. కందిరీగ జాతికి చెందిన ఒక కీటకం తన పిల్లల ఆహారానికై పట్టే పురుగును చంపదనీ, నాడీకేంద్రంలో కుట్టి చలనం లేకుండా చేస్తుందనీ నిరూపించి, అంతకుముందు ప్రఖ్యాత శాస్త్రజ్ఞుడు లియోఁ దుఫూర్ చెప్పిన సిద్ధాంతాన్ని సరిదిద్దాడు. డార్విన్ ఆయన పరిశీలనాశక్తిని కొనియాడాడు. అయినా ఫాబ్ర్ డార్విన్ పరిణామవాదాన్ని చివరివరకు అంగీకరించలేదు. ఆ విషయంలో కాలం ఆయన పక్షాన నిలువలేదని చెప్పక తప్పదు.

ఉపాధ్యాయుని జీతం పెద్ద కుటుంబానికి చాలలేదు. మంజిష్ఠ వేరునుండి శుద్ధమైన ఎరుపు రంగు తీసే విధానాన్ని కనిపెట్టి, దానితో కష్టాలు గట్టెక్కుతాయని ఆశించాడు. కాని 1868లో జర్మనీ రసాయన శాస్త్రజ్ఞులు ఆ రంగును కృత్రిమంగా తయారుచేయడంతో ఏళ్ళ తరబడి చేసిన శ్రమ బూడిదలో పోసిన పన్నీరయింది. విద్యామంత్రి విక్టర్ దురుయీ ప్రోత్సాహంతో ఆయన సాయంకాలపు ఉచిత తరగతులు నడిపాడు. బాలికలకు పూల ఫలదీకరణం గురించి బోధించడం ఛాందసులకు కంటగింపయింది. నింద పెరిగి ఆయన ఉద్యోగం వదలవలసి వచ్చింది. ఇంటి యజమానులు ఇల్లు ఖాళీ చేయించారు. అప్పుడు మిత్రుడైన ఆంగ్ల తత్త్వవేత్త జాన్ స్టూవర్ట్ మిల్ 3,000 ఫ్రాంకులు బదులిచ్చి ఆదుకున్నాడు. ఫాబ్ర్ ఆ ఋణం తీర్చివేశాడు. బాలురకు శాస్త్రపుస్తకాలు వ్రాసి కుటుంబాన్ని పోషించాడు. 1877లో కీటకాన్వేషణలో తనకు తోడుగా ఉన్న కుమారుడు జూల్ పదహారవ ఏట మరణించాడు. ఆ పుత్రశోకం ఆయనను జీవితాంతం వీడలేదు.

1879లో సెరిన్యాన్ గ్రామం వద్ద రాళ్ళూ, ముళ్ళపొదలూ నిండిన బీడు భూమిని కొని స్థిరపడ్డాడు. ఇతరులకు పనికిరాని ఆ నేల ఆయనకు చిరకాల స్వప్నం; కీటకాలకు అంతకంటె నందనవనం లేదు. అదే ఆయన ప్రయోగశాల. అక్కడి పరిశీలనలే పది సంపుటాల కీటక స్మృతులుగా 1879, 1907 సంవత్సరాల మధ్య వెలువడ్డాయి.

ఆ ఇంటిలోనే ఘ్రాణశక్తిని గురించిన ప్రసిద్ధ ప్రయోగాలు జరిగాయి. ఒక మే నెల ఉదయాన నెమలికన్ను శలభం ఆడది పట్టుగూడు చీల్చుకొని వెలువడింది. దానిని తీగవల మూత క్రింద ఉంచాడు. ఆ రాత్రి తొమ్మిది గంటల వేళ ఇల్లంతా పెద్ద పెద్ద మగ శలభాలతో నిండిపోయింది. చీకటిలో చెట్లకొమ్మల నడుమ దారి వెదకుకుంటూ సుమారు నలభై వచ్చాయి. ఎనిమిది రాత్రులలో వాటి సంఖ్య నూటయాభైకి చేరింది. ఆ ప్రాంతంలో అరుదైన ఈ జీవులకు ఇంత దూరం కబురెలా అందింది?

వాసన కావచ్చునని ఫాబ్ర్ తలచాడు. కొన్ని మగవాటి స్పర్శశృంగాలను కత్తిరించి చూశాడు. అవి దాదాపుగా తిరిగి రాలేదు. కాని శృంగాలున్నవి కూడ చాలావరకు తిరిగి రాలేదు. వాటి ఆయుర్దాయమే కొద్ది దినాలు. కనుక ఆ ప్రయోగం దేనినీ రుజువు చేయలేదని ఆయనే వ్రాశాడు. ఘాటైన నాఫ్తలీన్ పెట్టినా మగవి తడబడలేదు. అప్పుడు నిస్తంత్రి వంటి అదృశ్య తరంగాలేమో అన్న ఆలోచన కలిగింది. కాని ఆడదానిని సందులేని పెట్టెలో మూసినప్పుడు ఒక్కటీ రాలేదు; మూత కొద్దిగా వదులుగా ఉంటే వచ్చాయి. వాసన పక్షం మళ్ళీ బలపడింది. అంతలో చిన్న నెమలికన్ను శలభాలు గాలికి ఎదురుగా గాక, ఉత్తరపు గాలి వెంటే వచ్చాయి. గాలికి ఎదురుగా వాసన ఎలా ప్రయాణిస్తుంది? ఆయన మళ్ళీ సందేహంలో పడ్డాడు.

ఓక్ చెట్టు శలభంతో చిక్కు విడింది. ఆడ శలభాన్ని గాలి చొరని గాజుమూత క్రింద కిటికీ ఎదుట ఉంచి, రాత్రి అది కూర్చున్న ఇసుక పళ్ళాన్ని, తీగవల మూతతో సహా, గది మూలన పడవేశాడు. వచ్చిన మగవి కళ్ళెదుట ఉన్న ఆడదానిని దాటిపోయి, ఖాళీ పళ్ళెం చుట్టూ గంటల తరబడి ముసురుకున్నాయి. వాటిని పిలిచింది రూపం కాదు, ఇసుకలో ఇంకిన వాసన! మనిషి ముక్కుకు ఆ వాసన లేశమైనా తెలియదు. దాని స్వభావమేమిటో ఫాబ్ర్ తేల్చలేకపోయాడు. 1915 అక్టోబరులో, తొంభై ఒకటవ ఏట, సెరిన్యాన్‌లోనే కన్నుమూశాడు.

ఆయన వదలిన ప్రశ్నకు రసాయనశాస్త్రం సమాధానం చెప్పింది. జర్మనీ శాస్త్రవేత్త బూటెనాంట్ బృందం సుమారు ఇరవై ఏళ్ళు శ్రమించి, దాదాపు ఐదు లక్షల ఆడ పట్టు శలభాల గ్రంథులనుండి కొద్ది మిల్లీగ్రాముల పదార్థాన్ని వేరుచేసి, 1959లో బాంబికాల్ అని పేరు పెట్టింది. అట్టి రసాయన సంకేతాలకు ఫెరొమోన్ అన్న పేరు వచ్చింది కూడ ఆ ఏడే. నేడు మన తెలుగు ప్రాంతాల పత్తి చేలలో గులాబీరంగు పురుగును కనిపెట్టడానికి రైతులు కట్టే లింగాకర్షక బుట్టల వెనుక ఉన్నది ఈ సూత్రమే. సెరిన్యాన్ గదిలోని ఇసుక పళ్ళానికీ, మన చేనిలోని బుట్టకూ బంధుత్వం ఉంది.

విద్యార్థులు ఈ జీవితం నుండి గ్రహించవలసినది పేదరికాన్ని జయించిన పట్టుదల ఒక్కటే కాదు. తనకు ప్రియమైన ఊహను సైతం ప్రయోగం సమర్థించనంతవరకు నమ్మకపోవడం, విఫలమైన ప్రయోగాన్ని దాచక వ్రాయడం అంతకంటె కష్టమైన గుణాలు. ఖరీదైన పరికరాలు లేవని చింతించే మనకు, ఒక తీగవల మూత, ఒక పళ్ళెం ఇసుక, ఒక నిజాయితీ గల ప్రశ్న చాలునని ఫాబ్ర్ జీవితం బోధిస్తున్నది.